కోయంబత్తూరు శ్రీరాములు నాయుడు: పాటల చిత్రాల దర్శకుడు

'అగ్గిరాముడు' అనే సినిమా పేరు మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన చిత్రం. 1954లో విడుదలైంది. అందులో షేక్ నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. సినిమా కథ మరిచిపోయినవాళ్ళు కూడా ఆ బుర్రకథను మరిచిపోలేదు. ఈ సినిమా ఎక్కడ తీశారని మిమ్మల్ని అడిగితే, మద్రాసులోనే కదా అంటారు. కాదు. మన కోయంబత్తూరులో, పక్షిరాజా స్టూడియోలో తీశారు. తీసినవారు ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు.

తెలుగు సినిమా చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈయన పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. తమిళ సినిమా చరిత్రలో కాస్త ఎక్కువగా వస్తుంది గాని, అక్కడ కూడా ఆయన తీసిన చిత్రాల్లో నటించిన ఎం.జి.ఆర్., త్యాగరాజ భాగవతార్‌ల వెనుక నిలబడిపోతుంది. అందుకే ఈవేళ ఆయన పని గురించి నాలుగు మాటలు మనవి చేద్దామనుకుంటున్నాను. ఆయన వ్యక్తిగత జీవితం జోలికి అంతగా పోను. పాటలతో నడిచే కథను తెరమీద ఎలా నడిపించారన్నదే నా విషయం.

ముందు ఊరి సంగతి. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో మన తెలుగువాళ్ళు స్థిరపడి నాలుగైదు వందల ఏళ్ళయింది. విజయనగరం కాలంలో, ఆ తరువాత మదురై నాయకరాజుల కాలంలో వచ్చి నల్లరేగడి నేలల్లో పత్తి పండించారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పిల్లలు పుట్టగానే రెండు చెవుల్లో రెండు భాషలు పడతాయి. 1888లో స్టేన్స్ దొర కోయంబత్తూరులో మొదటి నూలుమిల్లు పెట్టాడు. 1932లో నీలగిరుల నుంచి పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లుల మీద మిల్లులు లేచాయి. వాటిలో చాలా వాటి యజమానులు నాయుళ్ళు. పత్తిలో సంపాదించిన డబ్బు, చవకగా వచ్చిన కరెంటు, యంత్రం అంటే భయం లేని మనుషులు, ఈ మూడూ ఒకచోట చేరాయి. సినిమా స్టూడియోకు కావలసిందీ అదే కదా!

అంతకు ముందే ఈ ఊరికి బొమ్మ పరిచయం. సామిక్కణ్ణు విన్సెంట్ అనే రైల్వే ఉద్యోగి 1905లో తిరుచ్చిలో ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరు కొని, డేరా వేసుకుని ఊరూరా బొమ్మలు చూపించాడు. 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టాడు. తరువాత 1930లలో మిల్లు యజమాని బి. రంగస్వామి నాయుడు ప్రభృతులు కలిసి సెంట్రల్ స్టూడియో నెలకొల్పారు. ఆ భాగస్వాముల్లో మన శ్రీరాములు నాయుడుగారు ఒకరు. 1938లో అక్కడ 'తుకారాం' తీశారు. తమిళంలో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్, తెలుగులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు తుకారాం వేషం కట్టారు. ఒకరు కచేరీ విద్వాంసుడు, మరొకరు తెలుగు రంగస్థలం మీద కృష్ణవేషానికి పేరుమోసిన నటుడు. కథ ఒకటే, గొంతులు వేరు, జనం చెవులు వేరు. నాయుడుగారు తరువాత జీవితమంతా చేసిన పనికి ఇక్కడే నాంది జరిగిందని నా అభిప్రాయం.

ఇక మదురై సంగతి. పాటతో కథ చెప్పే విద్య ఈ ప్రాంతానికి అక్కడి నాటక కంపెనీల నుంచి వచ్చింది. 1918లో శంకరదాస్ స్వామిగళ్ మదురైలో తత్వ మీనలోచని విద్వ బాల సభ స్థాపించారు. మదురై ఒరిజినల్ బాయ్స్ కంపెనీ అని మరొకటి ఉండేది. పదేళ్ళు నిండీ నిండని పిల్లల్ని చేర్చుకుని, తిండి పెట్టి, పాట నేర్పి, పద్యం నేర్పి, వేషం కట్టించేవారు. ఈ పిల్లలకు అన్నీ నేర్పేవాణ్ణి 'వాద్యార్' అనేవారు. అంటే ఉపాధ్యాయుడు. ఎవరు ఏ రాగం ఎత్తుకోవాలి, ఎక్కడ ఆపాలి, ఎక్కడ హార్మోనియం అందుకోవాలి, ఎవరు ఎటునుంచి రావాలి, ఇవన్నీ వాద్యారు చెప్పాలి. దర్శకుడు అనే మాట మనకు అలవాటు కాకముందు దర్శకత్వం ఇదే. పి.యు. చిన్నప్ప, ఎం.జి. రామచంద్రన్ ఈ కంపెనీల్లోనే పెరిగారు. నాయుడుగారి చిత్రాలకు సంగీతం కూర్చిన ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు కూడా బాలనటుల కంపెనీ నుంచి వచ్చినవాడే. కాబట్టి శ్రీరాములు నాయుడుగారి చేతికి వచ్చిన మనుషులందరూ రంగస్థలం మీద పాడి ఆడినవాళ్ళు. వాళ్ళకు పాట నేర్పనక్కరలేదు. కెమెరా ముందు దాన్ని ఎక్కడ ఆపాలో నేర్పాలి. అదే కష్టం.

ఎందుకు కష్టమో ఒక్క మాట చెబుతాను. నాటకంలో 'వన్స్ మోర్' అంటే నటుడు మళ్ళీ అందుకుంటాడు. కథ అలాగే ఆగి నిలబడుతుంది, జనం సంతోషిస్తారు. తెరమీద రీలు ఆగదు. పాట కథను ముందుకు తొయ్యాలి, లేదా కథ ఆగినా జనం ఆ ఆగడాన్ని మరిచిపోయేలా చెయ్యాలి. ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో రూబెన్ మమూలియన్ అనే దర్శకుడు ఉండేవాడు. రష్యా సామ్రాజ్యంలోని తిఫ్లిస్‌లో పుట్టి అమెరికా వెళ్ళినవాడు. 1943లో న్యూయార్క్ రంగస్థలం మీద 'ఓక్లహోమా' అనే సంగీత నాటకాన్ని నడిపించి పేరు తెచ్చుకున్నాడు. పాట, నృత్యం, కథ వేరువేరుగా ఉండక ఒకదానిలోంచి ఒకటి పుట్టుకు రావాలన్నది ఆయన పట్టుదల. అదే 1943లో ఇక్కడ 'శివకవి' వచ్చింది. రాజా శాండో దర్శకత్వంలో మొదలైన ఆ చిత్రం మధ్యలో చేతులు మారి శ్రీరాములు నాయుడుగారి దగ్గరకు వచ్చింది. ఎం.కె. త్యాగరాజ భాగవతార్ కథానాయకుడు, పాటలు పాపనాశం శివన్‌వి. ఇందులో పాట కథలోంచి పుట్టిందని చెప్పను. నిజానికి పాటల కోసమే కథ ఉంది. కాని భాగవతార్ పాడుతుండగా చూడమని జనం వచ్చిన రోజులవి. వాళ్ళకు కావలసింది తక్కువ చెయ్యకుండా కథను చివరిదాకా లాక్కొచ్చారు నాయుడుగారు. చిన్న పని కాదు.

ఆ మరుసటి ఏడాది 'జగదలప్రతాపన్'. అందులో ఒక కచేరీ ఘట్టం ఉంది. పాడేది పి.యు. చిన్నప్ప. పక్కన కూర్చుని వాద్య సహకారం ఇచ్చేవాళ్ళందరూ చిన్నప్పలే! ఒకే మనిషి ఐదుగురై ఒకే వేదిక మీద కనిపిస్తాడు. ఈ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు సాయంత్రానికి చేసి ఇస్తాడు. 1944లో అలా కాదు. ఫ్రేములో ఒక భాగం తెరిచి మిగతాది మూసి ఒక చిన్నప్పను తియ్యాలి, ఫిలిమును వెనక్కి తిప్పి రెండో చిన్నప్పను తియ్యాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అంతా చెడుతుంది. పైగా అది సంగీతం! ఒక చిన్నప్ప తాళం వేస్తుంటే మరో చిన్నప్ప దరువు దానికి సరిగ్గా పడాలి. పద్యనాటకం చూసిన జనానికి తాళం తప్పితే ఇట్టే తెలిసిపోతుంది. నాయుడుగారి మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. అందులో గారడీ ఉంది, గారడీ వెనుక లెక్క ఉంది, ఆ లెక్క పాటకు లొంగి ఉంది.

ఇంతలో పెద్ద దెబ్బ తగిలింది. 1944 నవంబరులో మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుడు కత్తిపోట్లకు గురై మరణించాడు. సినిమావాళ్ళ గురించి రచ్చకెక్కే రాతలు రాసినవాడు. ఆ హత్యకేసులో త్యాగరాజ భాగవతార్‌ను, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌ను, వాళ్ళతోపాటు శ్రీరాములు నాయుడుగారినీ అరెస్టు చేశారు. ఆయన తరఫున బొంబాయి నుంచి కె.ఎం. మున్షీ వచ్చి వాదించారు. 1945లో తీర్పు వచ్చింది. నాయుడుగారు నిర్దోషి అని విడుదలయ్యారు. భాగవతార్‌కు, కృష్ణన్‌కు యావజ్జీవ శిక్ష పడింది. ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి, 1947లో వాళ్ళూ నిర్దోషులుగా బయటపడ్డారు. కాని భాగవతార్‌కు ఆ పాత వైభవం తిరిగి రాలేదు.

మీరే ఆలోచించండి. నెలల తరబడి జైలు, కోర్టు, పత్రికల్లో పేరు. అందులోంచి బయటికొచ్చిన మనిషి ఏం చేస్తాడు? ఊళ్ళో తలుపు వేసుకుని కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. ఈయన అదే 1945లో కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో మొదలుపెట్టారు.

పక్షిరాజా అంటే గరుత్మంతుడు. ఆ బొమ్మతో మొదలయ్యే చిత్రాలు వరసగా వచ్చాయి. 1947లో 'కన్నిక', 1949లో 'పవళక్కొడి'. ఈ రెండోది శంకరదాస్ స్వామిగళ్ నాటకాల నుంచి జనానికి బాగా తెలిసిన కథే. అంతకు ముందు 1934లో భాగవతార్ మొదటి సినిమా కూడా ఇదే కథ. నాయుడుగారు దాన్ని టి.ఆర్. మహాలింగం, టి.ఆర్. రాజకుమారిలతో మళ్ళీ తీశారు.

1950లో తీసిన చిత్రం గురించి కాస్త ఆగి చెప్పాలి. విక్టర్ హ్యూగో రాసిన ఫ్రెంచి నవల 'లే మిజరాబ్ల్' ఉంది కదా, రొట్టె దొంగిలించి జైలుకు పోయినవాడి కథ. దాన్ని శుద్ధానంద భారతి తమిళంలోకి తెచ్చారు. నాయుడుగారు దాన్ని తమిళంలో 'ఏళై పడుం పాడు'గా, తెలుగులో 'బీదల పాట్లు'గా నిర్మించారు. దర్శకుడు కె. రామ్‌నాథ్. ముఖ్యపాత్ర మన చిత్తూరు నాగయ్యగారిది. సుబ్బయ్య నాయుడి సంగీతం. నాగయ్యగారు పాడుతూ ఏడిస్తే ప్రేక్షకుడు ఏడవకుండా ఉండలేడు. ఇదే నవలను 1980లో పారిస్‌లో, 1985లో లండన్‌లో సంగీత నాటకంగా ఆడారు. అది ప్రపంచమంతా తిరిగింది, ఇవాళ్టికీ దాని పేరు చెబితే అందరికీ తెలుసు. మంచిదే. అయితే ఆ కథకు పాటలు కట్టి తెలుగువాళ్ళ ముందు పెట్టిన పని లండన్ కంటే ముప్పై అయిదేళ్ళ ముందు కోయంబత్తూరులో జరిగింది. రెండూ ఒక కోవకు చెందిన రచనలని నేననను. అవి వేరు, ఇవి వేరు. కాని ఆ కథలో పాటకు చోటుందని కనిపెట్టిన చూపు ఇక్కడ ముందే ఉంది.

ఇక 'మలైక్కళ్ళన్' దగ్గరకు వద్దాం. కొండదొంగ అని అర్థం. ఉప్పు సత్యాగ్రహానికి పాట రాసిన నామక్కల్ కవి రామలింగం పిళ్ళై రాసిన నవల అది. ధనవంతుల్ని దోచి పేదలకు పెట్టే దొంగ, వేషాలు మార్చే దొంగ. మాటలు ఎం. కరుణానిధి, కథానాయకుడు ఎం.జి.ఆర్., కథానాయిక భానుమతి. 1954లో తమిళ చిత్రాల్లో రాష్ట్రపతి రజత పతకం దీనికి వచ్చింది. అందులో ఎం.జి.ఆర్. గుర్రం మీద పోతూ పాడే పాటకు గొంతు ఇచ్చినవాడు మదురై సౌరాష్ట్రుల పిల్లవాడు టి.ఎం. సౌందరరాజన్. ఎంతకాలం మోసపుచ్చుతారని నిలదీసే పాట. ఆ గొంతు ఎం.జి.ఆర్. ముఖానికి అతుక్కుపోయింది. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆ రెండింటినీ విడదీసి వినడం తమిళులకు కష్టమైంది.

అదే ఏడు, అదే కథ తెలుగులో 'అగ్గిరాముడు'. మాటలు ఆచార్య ఆత్రేయ. భానుమతి రెండింటిలోనూ ఉన్నారు, తన పాటలు తానే పాడుకున్నారు. కథానాయకుడు మారాడు. ఇంకేం మారాయి? ఇక్కడే నాయుడుగారి పనితనం తెలుస్తుంది. సెట్టు ఒకటే కాబట్టి, కథ ఒకటే కాబట్టి, తమిళంలో ఉన్నదాన్ని ఉన్నట్టే తెలుగులో పాడించి ఊరుకోవచ్చు. ఖర్చూ తగ్గుతుంది. చాలామంది అలాగే చేశారు, చూసినవాళ్ళకు అరువు బట్ట కట్టుకున్నట్టుండేది. ఈయన గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన నాజర్‌ను పిలిపించి, తంబురా, గుమ్మెటలతో బుర్రకథ చెప్పించారు. ఎవరి కథ? అల్లూరిది. మన్యం కొండల్లో తిరిగి పేదల పక్షాన నిలిచిన వీరుడిది. కథానాయకుడు కొండల్లో తిరిగే దొంగ. చూశారా, ఎంత ఒద్దికగా కూర్చుందో! తమిళుడికి ఆ చోట ఏం కావాలో అది ఇచ్చారు, తెలుగువాడికి కావలసింది వేరని గ్రహించారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి ఏడాది నిండని రోజులు. అల్లూరి పేరు వింటే ఒళ్ళు పులకరించే కాలం.

ఆ ఎంపిక నాయుడుగారిదేనా, ఆత్రేయగారి సలహానా అని మీరడగవచ్చు. సంగీత చిత్రానికి దర్శకుడి పనే అది. తాను పాడడు, రాయడు, స్వరం కట్టడు. ఎవరి దగ్గర ఏముందో తెలుసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తేలుస్తాడు. సలహా ఎవరిదైనా, పెట్టినచోట కుదిరిందంటే ఆ మాట ఆయనకే చెల్లుతుంది.

ఆ మరుసటి ఏడాది, 1955లో, ఇదే కథ హిందీలో 'ఆజాద్'. అప్పటిదాకా విషాద పాత్రలు వేసి వేసి మనసు కుంగిపోయిన దిలీప్‌కుమార్, తేలిక పాత్ర వెయ్యమని వైద్యుడు చెప్పిన సలహా మీద దీనికి ఒప్పుకున్నానని తరువాత చెప్పుకున్నారు. పక్కన మీనాకుమారి. బొంబాయి తారలు మన కోయంబత్తూరు వచ్చి నటించారు. సంగీతానికి ముందు నౌషాద్‌ను అడిగారట. పాటలన్నీ కొద్దిరోజుల్లో కావాలంటే ఆయన కుదరదన్నారు. అవును మరి, ఒక్కో పాటను నెలల తరబడి చెక్కే మనిషి ఆయన. అప్పుడు సి. రామచంద్ర ముందుకొచ్చి గడువులోగా పూర్తి చేశారు. లతా, ఉషా మంగేష్కర్ అక్కాచెల్లెళ్ళు కలిసి పాడిన 'అప్లం చప్లం' పాటకు సాయి, సుబ్బులక్ష్మి అనే దక్షిణాది నర్తకీమణులు ఆడారు. ఉత్తరాది పాటకు దక్షిణాది అడుగు. ఆ పాట దేశమంతా మోగింది. దిలీప్‌కుమార్‌కు ఆ చిత్రానికి ఫిలింఫేర్ బహుమతి వచ్చింది.

గడువు విషయంలో నాయుడుగారి పద్ధతి మిల్లు పద్ధతి. షిఫ్టు ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ముందే తేలాలి. కళకు గడువేమిటని నౌషాద్‌గారి పక్షాన మాట్లాడేవాళ్ళు అంటారు. నిజమే. కాని గడువులోగా వచ్చిన 'ఆజాద్' పాటలు ఇప్పటికీ వింటున్నాం కదా!

తరువాత అదే కథ 1957లో కన్నడంలో 'బెట్టద కళ్ళ', మలయాళంలో 'తస్కరవీరన్', సింహళంలో 'సూరసేన'. మొత్తం ఆరు భాషలు. ఇక్కడ మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. ఒకే కథను ఆరుసార్లు చెప్పేటప్పుడు చెప్పేవాడి ఉత్సాహం అన్నిసార్లూ ఒకేలా ఉండదు. బుర్రకథ వంటి ఆలోచన ప్రతి భాషకూ పుట్టి ఉంటే ఆయన పేరు ఈ దేశంలో ఇంకోలా ఉండేది. వ్యాపారం గట్టిపడింది, కళ కొంత పలచబడింది.

1959లో శివాజీ గణేశన్, పద్మినిలతో 'మరగతం' తీశారు. చంద్రబాబు, జమునారాణి పాడిన కుంకుమపువ్వు పాట అందులోదే. తెలుగులో 1960లో రామారావు, సావిత్రిలతో 'విమల' వచ్చింది. 1963లో 'కల్యాణియిన్ కణవన్'.

అప్పటికి కోయంబత్తూరు సినిమా ఊరుగా వాడిపోతోంది. సెంట్రల్ స్టూడియోలో చిత్రాలు తీసిన జూపిటర్ సంస్థ మద్రాసు చేరింది. కారైక్కుడిలో ఉన్న ఏ.వి.ఎం. 1948లోనే కోడంబాక్కం వెళ్ళిపోయింది. నటులు, పాటగాళ్ళు, వాద్యబృందాలు, లాబొరేటరీలు అన్నీ మద్రాసులో. ఒక పాట రికార్డు చెయ్యాలంటే ముప్పైమంది వాద్యకారుల్ని రాత్రి రైలెక్కించి తేవాలి. పత్తిమిల్లుకు పత్తి దగ్గరుండాలి, పాటల సినిమాకు పాటగాళ్ళు దగ్గరుండాలి. ఆ లెక్క తప్పాక ఎంత సమర్థుడైనా ఏం చెయ్యగలడు? నాయుడుగారు చివరికి బెంగళూరు వైపు వెళ్ళి అక్కడ స్టూడియో నడిపారు.

ఒక చిన్న ముచ్చట చెప్పి సెలవు తీసుకుంటాను. సెంట్రల్ స్టూడియోలో, సుబ్బయ్య నాయుడి దగ్గర, టీలు అందించే పనికి చేరిన ఒక కుర్రవాడు ఉండేవాడు. గురువుకు స్వరం కుదరనప్పుడు అతను హార్మోనియం ముందు కూర్చుని ఏదో వాయించేవాడు. గురువు దాన్నే వాడుకుని, నీ పేరు ఇప్పుడే బయటపెట్టొద్దని చెప్పాడట. జూపిటర్ కోయంబత్తూరు వదిలేటప్పుడు మాత్రం ఆ గురువే వెళ్ళి యజమానులకు అసలు సంగతి చెప్పి, ఈ కుర్రవాణ్ణి మీతో తీసుకుపొమ్మన్నాడు. ఆ కుర్రవాడు ఎం.ఎస్. విశ్వనాథన్. తెలుగులో, తమిళంలో ఆయన కట్టిన పాటలు మీ ఇళ్ళల్లో ఎన్ని మోగాయో నేను వేరే చెప్పక్కరలేదు. ఈసారి రేడియోలో 'అగ్గిరాముడు' బుర్రకథ వచ్చినప్పుడు, అది సింగానల్లూరు దారుల్లో మిల్లు సైరన్లు మోగే ఊళ్ళో రికార్డుకెక్కిన కథ అని పక్కవాళ్ళకు చెప్పండి.